స్వేచ్ఛకు ఒక్కో సమాజం ఒక్కో అర్థం ఎందుకు చెబుతుంది? (సరిహద్దు తెలుగువారి చర్చ)

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పి విరమించిన నాకు చాలా కాలంగా ఒక సందేహం తీరకుండా ఉంది. స్వేచ్ఛ వద్దనే జాతి లోకంలో లేదు గానీ, స్వేచ్ఛ అంటే ఏమిటని అడిగితే ఏ రెండు జాతులూ ఒకే మాట చెప్పవు. ప్రభుత్వం తన జోలికి రాకపోవడమే స్వేచ్ఛ అని అమెరికాలో ఎక్కువ మంది భావిస్తారు. వైద్యానికీ చదువుకూ పూచీ లేని మనిషికి స్వేచ్ఛ ఎక్కడిదని ఉత్తర ఐరోపా దేశాలవారు అడుగుతారు. కోరికల పట్టు సడలడమే అసలైన విముక్తి అని మన పెద్దలు బోధించారు. వీరిలో ఎవరిది ఒప్పో తేల్చడం కోసం ఈ చర్చ మొదలుపెట్టడం లేదు. ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నదే నా ప్రశ్న.

నాకు తోచింది ముందే చెబుతాను. ఏ సమాజం ఏ బంధనాన్ని ఎక్కువ కాలం మోసిందో, ఆ బంధనం తెగడాన్నే అది స్వేచ్ఛ అని పిలుచుకుంటుంది. 1865 జనవరి 12న, అమెరికా అంతర్యుద్ధం చివరి దశకు చేరిన రోజుల్లో, జార్జియా రాష్ట్రంలోని సవానా నగరంలో జనరల్ షెర్మన్, యుద్ధ మంత్రి స్టాంటన్ కలిసి 20 మంది నల్లజాతి మతబోధకులను పిలిపించి, బానిసత్వం అంటే మీరేమనుకుంటున్నారు, మీకు రాబోయే స్వేచ్ఛ అంటే ఏమనుకుంటున్నారు అని అడిగారు. వారి తరఫున సమాధానం చెప్పిన గారిసన్ ఫ్రేజియర్ 67 ఏళ్ల వృద్ధుడు. 1857లో వెయ్యి డాలర్లు చెల్లించి తననూ తన భార్యనూ తానే విడిపించుకున్నవాడు. ఆయన పత్రికా స్వాతంత్ర్యం మాట గానీ ఓటు మాట గానీ ఎత్తలేదు. ఒక మనిషి చేత అతని ఇష్టం లేకుండా పని చేయించుకోవడమే బానిసత్వమనీ, తమ కష్టఫలం తమకే దక్కేలా చేయడమే స్వేచ్ఛ అనీ, అందుకు దున్నుకోవడానికి భూమి కావాలనీ చెప్పాడు. నాలుగు రోజులకు షెర్మన్ తీరప్రాంతపు భూములను కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా కేటాయించమని ఉత్తర్వు ఇచ్చాడు. కొద్ది నెలల్లోనే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకు తిరిగి ఇచ్చేయమన్నాడు.

ఆ దేశమే 1791లో తన రాజ్యాంగానికి చేసుకున్న మొదటి సవరణ, చట్టసభ ఫలానా చట్టాలు చేయరాదు అనే నిషేధంతో మొదలవుతుంది. ఇంగ్లండు రాజు అధికారులను చూసి విసిగిన వలసదారుడు అధికారి చేతిని కట్టేయడాన్ని స్వేచ్ఛ అన్నాడు. యజమాని కొరడా ఎరిగినవాడు భూమిని స్వేచ్ఛ అన్నాడు. ఒకే దేశంలో రెండు నిర్వచనాలు. మన జిల్లాల్లో ఒడియా, తెలుగు, సవర, కువి, గోండీ, మరాఠీ మాటలు ఒకే సంతలో వినిపిస్తాయి కాబట్టి, ఈ విషయంలో మీరు చూసినది చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

మాస్టారూ, మీ మాటకు మా ఊరే సాక్ష్యం. 1947 ఆగస్టు 15 నాటికి సిరొంచ మధ్య పరగణాలలో భాగం కాబట్టి ఇక్కడ జెండా ఎగిరింది. నది దాటితే కాళేశ్వరం, మహదేవపూర్ నిజాం రాజ్యం. అక్కడ అదే జెండా పట్టుకోవడం నేరం. ఇటు ఒడ్డున స్వతంత్ర దేశం, అటు ఒడ్డున ఆసఫ్‌జాహీ రాజ్యం, మధ్యలో పడవ. పదమూడు నెలలు ఇలాగే గడిచాయి.

అయితే మా చుట్టుపక్కల గోండు, మాడియా గూడేల పెద్దలు ఈ తేడాను అంత గొప్పగా చెప్పుకోరు. ఏ ఒడ్డున ఉన్నా అడవిలో గొడ్డలి పట్టుకుంటే జంగ్లాత్ (అటవీ శాఖ) జవాను ఆపేవాడు, ఏ ఒడ్డున ఉన్నా అతనికి కోడి ఇచ్చుకోవలసి వచ్చేది. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది నీళ్లు, అడవి, భూమి కోసమేనని ఆ ఒడ్డువారూ ఈ ఒడ్డువారూ ఒకే తీరుగా చెబుతారు. ఢిల్లీలో ఎవరు కూర్చున్నారన్నది వారికి రెండో ప్రశ్న. అడవి మీద మాట ఎవరిదన్నది మొదటి ప్రశ్న.

మా జిల్లాలోనే ధానోరా తాలూకాలో మేండా లేఖా అనే చిన్న గోండు ఊరు ఉంది. "ఢిల్లీ, ముంబైలలో మా ప్రభుత్వం, మా ఊళ్లో మేమే ప్రభుత్వం" అన్నది వారి నినాదం. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2009లో దేశంలో మొట్టమొదట సామూహిక అటవీ హక్కు పొందిన రెండు ఊళ్లలో అది ఒకటి; సుమారు 1,800 హెక్టార్ల అడవి వారి చేతికి వచ్చింది. కాగితం వచ్చింది గానీ వెదురు కదలలేదు. వెదురును రవాణా చేయాలంటే పర్మిట్ కావాలి, ఆ పర్మిట్ పుస్తకం అటవీ శాఖ దగ్గర ఉంది. 2011 ఏప్రిల్ 27న కేంద్ర మంత్రి జైరాం రమేశ్, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ ఆ ఊరికి వచ్చి ఆ పుస్తకాన్ని గ్రామసభ చేతికి ఇచ్చిన తరువాతే వెదురు లారీ ఎక్కింది. ఆ ఊరివారికి స్వేచ్ఛ అంటే ఏమిటని అడిగితే పర్మిట్ పుస్తకం ఎవరి బీరువాలో ఉందన్నదే సమాధానం.

మా పక్క ఊళ్లలో తునికాకు (బీడీ ఆకు) విషయమూ అంతే. వేసవిలో తెల్లవారుజామున ఆడవాళ్లు అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. మధ్యాహ్నమంతా అరుగుల మీద ఇంటిల్లిపాదీ కూర్చొని చిల్లులున్న ఆకు పక్కకు తీసి, మంచి ఆకును కొసకు కొస కలిపి లెక్కపెట్టి, నారతో కట్టలు కడతారు. సాయంత్రం కల్లంలో ఆ కట్టలను వరుసలుగా పేర్చి ఎండబెడతారు. మునుపు కట్ట ధర నిర్ణయించేది ఊరికి సంబంధం లేని వాళ్లు. ఇప్పుడు చాలా గ్రామసభలు వేలం తామే పెట్టుకుంటున్నాయి. ధర ఎప్పుడూ ఎక్కువే వస్తుందని చెప్పలేను. కొన్ని సంవత్సరాలు కాంట్రాక్టర్లు కూడబలుక్కొని దించేస్తారు. అయినా పాత పద్ధతికి పోదామని అన్నవాణ్ని నేను చూడలేదు.

మిర్చి యార్డు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

సిరొంచ అన్న చెప్పిన పదమూడు నెలల సంగతి మా జిల్లాకు ఇంకా దగ్గరిది. నాందేడ్ అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోనే ఉంది కాబట్టి మేము ఆగస్టు 15తో పాటు సెప్టెంబరు 17న కూడా జెండా ఎగరేస్తాం. మా వైపు దానిని మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం అంటారు. సరిహద్దు దాటి బాసర వైపు వెళితే అదే రోజును ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, మరొకరు సమైక్యతా దినం అంటారు. 1948 నాటి ఆ సంఘటన ఒక్కటే; అందులో తమను ఎవరు బంధించారన్న లెక్క ఒక్కొక్కరిది వేరు. రజాకార్లను చూసి పారిపోయిన కుటుంబానిది ఒక లెక్క, దేశ్‌ముఖ్ గడీలో వెట్టి చేసిన కుటుంబానిది ఒక లెక్క, పోలీసు చర్య తరువాత తమవారిని పోగొట్టుకున్న ముస్లిం కుటుంబానిది ఇంకొక లెక్క.

మాస్టారి వాదానికి నేను ఇంకొక తేదీ చేరుస్తాను. మా రాష్ట్రంలో విముక్త జాతులు అనే ప్రభుత్వ వర్గీకరణ ఒకటి ఉంది. 1871లో బ్రిటిషువారు నేరస్థ జాతుల చట్టం చేసి, కొన్ని సంచార కులాలలో పుట్టిన ప్రతి బిడ్డనూ పుట్టుకతోనే నేరస్థుల జాబితాలో చేర్చారు. వారు పోలీసు పటేలుకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. 1947 ఆగస్టు 15 వచ్చింది, పోయింది. ఆ చట్టం మాత్రం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అందుకే ఆ కులాలవారు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకొంటారు. హాజరు వేయకుండా పొరుగూరి జాతరకు పోగలగడమే వారికి స్వాతంత్ర్యం. ఆ తరువాత అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి కొంత పాత కథనే కొనసాగించాయి గానీ, అది వేరే చర్చ.

వంశధార (గుణుపురం, రాయగడ జిల్లా)

అందరూ మాస్టారి మాటకు వంత పాడుతున్నారు కాబట్టి ఒకరైనా అడ్డు చెప్పాలి. బంధనం నుంచే నిర్వచనం పుడుతుందంటే, బంధనం లేని చోట నిర్వచనం పుట్టకూడదు. స్వీడన్ సంగతి చూడండి. ఆ దేశపు రైతు ఐరోపాలోని చాలా దేశాల రైతులలాగా ఎన్నడూ దొరకు కట్టుబానిస కాలేదు. అయినా అక్కడివారు తమ స్వేచ్ఛకు గుర్తుగా చెప్పుకునేది ఎవరి భూమిలోనైనా నడిచే హక్కును. ఇంటి పెరటిలోకి పోకుండా, పంట తొక్కకుండా, ఎవరి అడవిలోనైనా తిరగవచ్చు, ఒక రాత్రి గుడారం వేసుకోవచ్చు, అడవి పళ్లూ పుట్టగొడుగులూ ఏరుకోవచ్చు. యజమానిని అడగనక్కరలేదు. ఈ ఆచారాన్ని 1994లో రాజ్యాంగంలోకి కూడా చేర్చారు. ఇంగ్లండు చట్టంలో సాధారణంగా అది అక్రమ ప్రవేశం. అమెరికాలో అయితే లోపలికి రావద్దన్న పలక పాతుకోవడమే యజమాని స్వేచ్ఛ.

ఇక్కడ భయం ఎక్కడుంది, సంకెల ఎక్కడుంది? అలవాటు ఉంది, అంతే. ఏ సమాజం ఎలా బతికిందో అదే దాని స్వేచ్ఛ అయింది. మనం దానికి కన్నీటి చరిత్ర వెతకడం అనవసరం.

నాగావళి (రాయగడ)

మీరందరూ 'వారికి స్వేచ్ఛ అంటే ఇది', 'వీరికి అది' అని వ్రాస్తున్నారు. ఆ వారు ఎవరో కొంచెం చెప్పండి. మాస్టారు గారు ఉదాహరించిన సవానా సమావేశంలో 20 మందీ పురుషులే. భూమి కావాలని వారు చెప్పింది నిజమే. అదే బానిసత్వంలో కన్నబిడ్డలను వేలంలో పోగొట్టుకున్న తల్లులను కూర్చోబెట్టి అడిగి ఉంటే భూమే మొదట చెప్పేవారా అన్నది నా అనుమానం.

ఒక సంస్కృతి స్వేచ్ఛను ఇలా నిర్వచించిందని అన్నప్పుడల్లా, ఆ సంస్కృతిలో మాట చెల్లేవారు అలా నిర్వచించారనే నేను చదువుకుంటాను. స్విట్జర్లాండులోని ఆపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం నాడు పౌరులందరూ ఊరి నడిబొడ్డున బయలులో చేరి, చేతులెత్తి చట్టాలు చేసుకుంటారు. శతాబ్దాల నాటి ఆచారం. మగవారు వంశపారంపర్యపు కత్తిని నడుముకు కట్టుకొని వస్తారు, ఆ కత్తే వారి ఓటరు గుర్తింపు. ప్రపంచంలో ఇంతకు మించిన స్వేచ్ఛ లేదని వారి నమ్మకం. జాతీయ ఎన్నికల్లో 1971లోనే స్త్రీలకు ఓటు వచ్చినా, ఈ కాంటన్ పురుషులు తమ సభలో స్త్రీలు వద్దని 1990 ఏప్రిల్‌లో కూడా చేతులెత్తి తీర్మానించారు. ఆ ఏడాది నవంబరులో వారి అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెబితే గాని అక్కడి ఆడవాళ్లు ఆ బయలులో నిలబడలేకపోయారు. ఆ తీర్పును స్వేచ్ఛ అనాలా, అనాదిగా తమను తాము పాలించుకుంటున్న సమాజం మీద పైవారి పెత్తనం అనాలా? ఆ మగవారిలో చాలామంది రెండోదే అన్నారు.

మా జిల్లాలో చాటికోన బుధవారం సంతకు డోంగ్రియా కంధ ఆడవాళ్లు కొండ దిగి వస్తారు. అనాసపళ్లు, పసుపు, అల్లం తట్టల్లో మోసుకొచ్చి, బేరం తామే ఆడుకొని, డబ్బు తామే ముడివేసుకొని పోతారు. సంతలో వారి మాటకు ఎదురుండదు. ఊరి సభలో వారికి అంతే మాట ఉందా అన్నది నేను అడగదలచిన ప్రశ్న. సిరొంచ తమ్ముడు మేండా గురించి ఇంత వివరంగా వ్రాశాడు కాబట్టి, గ్రామసభలో ఎవరు మాట్లాడతారో కూడా చెబితే బాగుంటుంది.

బరంపురం వకీలు (బరంపురం, గంజాం జిల్లా)

నాగావళి గారి ప్రశ్నకు చట్టం వైపు నుంచి కొంత సమాధానం ఉంది. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం కేసులో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న, ఆ కొండ మీద డోంగ్రియాలకు మతపరమైన హక్కు ఉందో లేదో గ్రామసభలే తేల్చాలని, హైకోర్టు నియమించిన జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా కూర్చోవాలని చెప్పింది. జూలై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన 12 సభలలో, ఏడు మీ రాయగడ జిల్లావి, అయిదు కలహండివి. పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. ఆ సభల్లో స్త్రీలు లేచి మాట్లాడారు. 2012లో సవరించిన అటవీ హక్కుల నియమాల ప్రకారం గ్రామసభకు సభ్యులలో సగం మంది హాజరు కావాలి, హాజరైనవారిలో కనీసం మూడో వంతు స్త్రీలు ఉండాలి. లేకపోతే ఆ తీర్మానం కోర్టులో నిలవదు. ఆపెంజెల్‌లో తీర్పు చేసిన పని ఇక్కడ నియమం చేసింది. హాజరు వేరు, మాట చెల్లడం వేరు అని మీరు అంటారని నాకు తెలుసు. అది నిజమే.

ఈ చర్చ అంతటా రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. 1958లో ఆక్స్‌ఫర్డులో చేసిన ప్రసంగంలో ఐజయా బెర్లిన్ వాటిని విడదీశాడు: నా జోలికి ఎవరూ రాని హద్దు ఎంత అన్నది ఒకటి, నన్ను పాలించేది ఎవరు అన్నది మరొకటి. మేండా రెండోదానిలో గెలిచింది. విముక్త జాతులు మొదటిదానిలో సగం గెలిచాయి. ఒకటి పెరిగినంత మాత్రాన రెండోది పెరగదు. తమవారే పాలించే ఊళ్లో మనిషికి ఊపిరి ఆడకపోవచ్చు, పరాయి పాలనలో ఇంటి గడప లోపల హాయిగా ఉండవచ్చు.

మాస్టారి వాదానికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ జర్మనీ. 1977లో అమెరికాలో, నాజీ శిబిరాల నుంచి బయటపడినవారు చాలామంది నివసించే స్కోకీ అనే ఊళ్లో నాజీ గుర్తులతో ఊరేగింపు చేస్తామని ఒక చిన్న గుంపు పట్టుబట్టింది. కోర్టులు వారి వాక్స్వాతంత్ర్యాన్ని నిలబెట్టాయి. చివరకు ఆ ఊరేగింపు అక్కడ జరగలేదు గానీ హక్కు మాత్రం ఉందన్నారు. జర్మనీలో అదే పని చేస్తే జైలు. యూదుల ఊచకోత జరగలేదని బహిరంగంగా అనడాన్ని 1994లో స్పష్టంగా నేరం చేశారు. వారి 1949 రాజ్యాంగంలో మొదటి అధికరణం మనిషి గౌరవాన్ని గురించినది. ఎన్నికల ద్వారా వచ్చినవాడే స్వేచ్ఛను పాతిపెట్టడం కళ్లారా చూసిన దేశం, స్వేచ్ఛకు శత్రువైనవాడికి అదే స్వేచ్ఛ ఇవ్వనంటోంది. ప్రభుత్వాన్నే మొదటి శత్రువుగా చూసిన దేశం, ఎంత నీచమైన మాటనైనా ప్రభుత్వం చేతికి అప్పగించనంటోంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

గుణుపురం మిత్రుడి అడ్డంకి మంచిది గానీ, స్వీడన్ నా వాదాన్ని పడగొట్టదు, బలపరుస్తుంది. ఆ దేశపు పాత చట్టసభలో ప్రభువులు, మతాచార్యులు, పట్టణ వర్తకులతో పాటు రైతులకు నాలుగో గదిగా సొంత స్థానం ఉండేది; 1866 వరకు ఆ పద్ధతి సాగింది. దొర చేతిలో నలగని రైతుకు పక్కవాడి అడుగు తన పొలంలో పడితే భయం కలగలేదు, కాబట్టి కంచె కట్టే అవసరం రాలేదు. భూమిని లాక్కున్న చరిత్ర ఉన్న చోటే కంచె పవిత్రమవుతుంది. బంధనం ఉన్నట్లే బంధనం లేకపోవడం కూడా నిర్వచనం మీద ముద్ర వేస్తుంది.

మరొక సంగతి ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. బయటి సంకెలతో సంబంధం లేని స్వేచ్ఛను గురించి లోకంలో సగం మంది జ్ఞానులు చెప్పారు. డెబ్బయ్యో ఏట తన మనసు కోరినట్లు నడిచినా హద్దు దాటని స్థితి తనకు వచ్చిందని చైనాలో కన్ఫ్యూషియస్ చెప్పుకున్నాడు. అంటే ఆయనకు స్వేచ్ఛ జీవితమంతా చేసిన అభ్యాసానికి చివరి ఫలం, పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. రోమను సామ్రాజ్యంలో బానిసగా పుట్టిన ఎపిక్టెటస్, నా కాలికి గొలుసు వేయగలరు గానీ నా సంకల్పానికి వేయలేరని బోధించాడు. గాంధీ 1909లో ఓడ ప్రయాణంలో వ్రాసిన హింద్ స్వరాజ్‌లో, తన మీద తాను ఏలుబడి సాధించని మనిషికి ఇంగ్లీషువాడు వెళ్లిపోయినా స్వరాజ్యం రాదన్నాడు. మోక్షం గురించి మనవారు చెప్పినదీ ఈ దారిలోనిదే. వీటన్నిటినీ పక్కన పెట్టి పర్మిట్ పుస్తకాల దగ్గరే ఆగిపోతే చర్చ సగమే అవుతుందని నా అభిప్రాయం.

నాగావళి (రాయగడ)

మాస్టారు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. లోపలి స్వేచ్ఛ మాట బలవంతుడి నోట వచ్చినప్పుడు నాకు జాగ్రత్త పడాలనిపిస్తుంది. మా కోరాపుట్, రాయగడ కొండల్లో గోతి అనే పద్ధతి ఉండేది: కొద్దిపాటి అప్పుకు ఒక మనిషి షావుకారు ఇంట ఏళ్ల తరబడి, ఒక్కొక్కసారి అతని తరువాత అతని కొడుకు, పని చేయడం. 1976లో దేశమంతటికీ వర్తించే వెట్టి నిర్మూలన చట్టం వచ్చిన తరువాత కూడా అది ఒక్క రోజులో పోలేదు. ఆ గోతివాడికి కర్మ సిద్ధాంతం చెప్పినవారూ ఉన్నారు, తృప్తి గురించి చెప్పినవారూ ఉన్నారు. వారెవరూ గోతివాళ్లు కారు. ఎపిక్టెటస్ తనే ఆ గొలుసు మోసినవాడు కాబట్టి ఆ మాట అనే అర్హత ఆయనకు ఉంది. గాంధీ ఆ మాట తనకు తాను చెప్పుకున్నాడు, ఆ తరువాత జైలుకు పోయాడు. అప్పు ఇచ్చినవాడు అదే మాట అంటే నేను చెవిన పెట్టను.

మిర్చి యార్డు (ధర్మాబాద్)

ఇంకొక చిక్కుముడి తెస్తున్నందుకు పెద్దలు మన్నించాలి. మహారాష్ట్రలో దుకాణాల పలకల మీద మరాఠీ దేవనాగరిలో, మిగిలిన లిపుల కంటే చిన్నది కాకుండా ఉండాలన్నది నియమం. మా నాన్నగారి కిరాణా దుకాణం మీద ఏనాటి నుంచో తెలుగే పెద్దది. కొనేవారిలో ఎక్కువమంది తెలుగువారు. పలక మార్చడానికి ఆయన ఒప్పుకున్నారు గానీ, నా దుకాణం మీద నా పేరు నాకు నచ్చిన అక్షరాల్లో వ్రాసుకునే స్వేచ్ఛ కూడా లేదా అని మూడు పూటలా గొణుగుతూనే ఉన్నారు. మరాఠీ మిత్రుడు ఒకడు, మా నేల మీద మా భాష కనబడడమే మా స్వేచ్ఛ అంటాడు. ఇద్దరిదీ నాకు సబబుగానే తోస్తోంది. దీనిని ఎలా తేల్చాలి?

బరంపురం వకీలు

తమ్ముడూ, ఈ ముడి విప్పడానికి కెనడావారికి పదహారేళ్లు పట్టింది. క్యుబెక్ రాష్ట్రంలో జనం ఎక్కువగా ఫ్రెంచివారు, అప్పట్లో దుకాణాలలో పెద్దవి చాలావరకు ఇంగ్లీషువారివి. 1977లో వారు ఫ్రెంచి భాషా శాసనం చేసి, వ్యాపార పలకలు ఫ్రెంచిలో మాత్రమే ఉండాలన్నారు. కొందరు దుకాణదారులు కోర్టుకు వెళితే 1988లో సుప్రీంకోర్టు, ఫ్రెంచి ఉండాలనడం సరే గానీ మరొక భాష ఉండరాదనడం భావ వ్యక్తీకరణ స్వేచ్ఛకు విరుద్ధమని చెప్పింది. క్యుబెక్ ప్రభుత్వం రాజ్యాంగంలోని ఒక వెసులుబాటు వాడుకొని ఆ తీర్పును కొన్నేళ్లు పక్కన పెట్టింది. 1993లో మరొక భాష ఉండవచ్చు, ఫ్రెంచి మాత్రం స్పష్టంగా పెద్దదిగా కనిపించాలి అన్న చోట ఆగారు. ఉత్తర అమెరికా అంతటా ఇంగ్లీషు సముద్రం మధ్య తాము మునిగిపోతామన్న భయం వారిది. ఆ భయం ఒక దుకాణదారుడికి అర్థం కాకపోవచ్చు.

మన సంగతికి వస్తే, మీ నాన్నగారి పలక మీద తెలుగు ఉండరాదని ఎవరూ అనలేదు కాబట్టి నేను మరాఠీ మిత్రుడి వైపే కొంచెం మొగ్గుతాను. కానీ అదే తూకం బడికి కూడా వాడాలి. భాషా మైనారిటీలు తమ విద్యాసంస్థలు తాము నడుపుకోవచ్చని 30వ అధికరణం, ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా రాష్ట్రాలు చూడాలని 1956లో చేర్చిన 350ఏ అధికరణం చెబుతున్నాయి. మా గంజాంలో గానీ మాస్టారి పర్లాకిమిడిలో గానీ తెలుగు బడికి ఉపాధ్యాయుడే లేకపోతే ఆ అధికరణాలు పలక మీది అక్షరాలే.

మహేంద్రతనయ

వకీలు గారు బడి మాట ఎత్తారు కాబట్టి ఒక చిన్న జ్ఞాపకం. మా ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి సొంత ఖర్చుతో బడులు పెట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు తెలుగువారు తమ భాష ఏమవుతుందోనని బెంగపడ్డారు. సవరవారికి మాత్రం కచేరీలో వినిపించే భాష ఒక పరాయిది పోయి ఇంకొక పరాయిది వచ్చింది. తెలుగువారి బెంగ న్యాయమైనదే. అయితే సవరవాడి ముందు ఆ బెంగను చెప్పుకునేటప్పుడు గొంతు కొంచెం తగ్గించుకోవాలి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

నాగావళి అక్క అడిగినదానికి ఆలస్యంగా సమాధానం చెబుతున్నాను. మేండా లేఖాలో నిర్ణయాలు ఓట్ల లెక్కతో జరగవు. అందరూ సరేనన్నదాకా ఆగుతారు. ఒక్కరు కాదన్నా విషయం వాయిదా పడుతుంది. సభకు ముందు చిన్న చిన్న అధ్యయన బృందాలుగా కూర్చొని చట్టమూ లెక్కలూ మాట్లాడుకుంటారు. మెజారిటీ పేరుతో తక్కువమందిని తొక్కకపోవడమే స్వేచ్ఛ అని వారి నమ్మకం. మా ఊరి దగ్గర అంత క్రమం లేదు. మా దగ్గర ఆడవాళ్లు సభలో వెనక కూర్చుంటారు. రోడ్డు మీదా గుడి మీదా తీర్మానాలప్పుడు నోరు విప్పరు. తునికాకు ధర దగ్గరకు వచ్చేసరికి మాత్రం ముందుకు జరిగి, కాంట్రాక్టరు చెప్పిన లెక్కను నిలబెట్టి అడుగుతారు, ఎందుకంటే ఆకు కోసిన వేళ్లు వారివి.

వంశధార (గుణుపురం)

ఒక్కరు కాదన్నా ఆగుతుందంటే నాకు పోలండ్ గుర్తొస్తుంది. అక్కడి ప్రభువులు తమ రాజ్యాన్ని స్వర్ణ స్వేచ్ఛ అని గర్వంగా చెప్పుకునేవారు. 1652 నుంచి వారి సభలో ఏ ఒక్క సభ్యుడు లేచి 'ఒప్పుకోను' అన్నా సమావేశమే రద్దయ్యేది. పొరుగు రాజులు ఒక సభ్యుణ్ని కొంటే చాలు, దేశం పని ఆగిపోయేది. 1791 మే 3 రాజ్యాంగంతో ఆ హక్కును తీసేశారు గానీ అప్పటికి ఆలస్యమైంది. 1795 నాటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని పటం మీద లేకుండా పంచుకున్నాయి. పైగా ఆ స్వర్ణ స్వేచ్ఛ అంతా ప్రభువులది, వారి పొలాల్లో రైతు కట్టుబానిస. మేండా చిన్న ఊరు కాబట్టి అక్కడ చెల్లుతోంది. తాలూకా అంతటికీ అదే పద్ధతి పెడితే కాంట్రాక్టరు ఒక్క మనిషిని కొంటాడు.

నాగావళి

గుణుపురం వారు కొనేవాడి గురించి భయపడుతున్నారు. నా భయం వేరే. అందరూ సరేనన్నదాకా ఆగే సభలో, చివరగా మిగిలిన ఒక్కతి ఇంటికి పోయి అత్తగారి ఎదుట, మరిది ఎదుట నిలబడాలి. ఆమె సరేననడం ఒప్పుకోలో, అలసటో బయటివారికి తెలియదు. చేతులు లెక్కపెట్టే సభలో కనీసం ఇంతమంది వద్దన్నారని అంకె మిగులుతుంది. తమ్ముడూ, మీ ఊరి గ్రామసభ మినిట్సు పుస్తకంలో కాదన్నవారి పేర్లు వ్రాసే చోటు ఉందా?

ప్రాణహిత ఒడ్డు

లేదక్కా. తేదీ, విషయం, తీర్మానం, కింద సంతకాలూ వేలిముద్రలూ, అంతే. కాదన్నవారు సంతకం పెట్టకుండా లేచి వెళ్లిపోతారు, కాబట్టి వారు అసలు సభకే రానట్లు లెక్కలో కనిపిస్తుంది. తునికాకు వేలం తీర్మానానికి మా సభ ఫాల్గుణంలో కూర్చుంటుంది. వ్యతిరేకించినవారికి వేరే వరుస పెట్టమని ఈసారి కార్యదర్శిని అడుగుతాను. అది చట్టప్రకారం అభ్యంతరం లేనిదో కాదో వకీలు గారు ఒక మాట వ్రాస్తే ఆ కాగితం చేతిలో పట్టుకొని వెళతాను.

బరంపురం వకీలు

అభ్యంతరం ఏమీ లేదు. గ్రామసభ తన రికార్డులో భిన్నాభిప్రాయం వ్రాసుకోవడాన్ని ఏ నియమమూ నిషేధించలేదు. పేరు, కారణం ఒక వాక్యంలో, పక్కన ఆ మనిషి సంతకం లేదా వేలిముద్ర ఉంటే చాలు. కోరం లెక్కలో వారిని హాజరైనవారిగానే చూపించండి, ముఖ్యంగా స్త్రీలను. లేకపోతే మూడో వంతు లెక్క తగ్గి మీ వేలం తీర్మానమే ప్రశ్నకు గురవుతుంది.